వంతు టికెట్లు

మోదుగులగడ్డ హాల్టులో రైలు ఆగడం మానేసి ఐదేళ్లయింది. అయినా ఉప్పలయ్య పొద్దున ఎనిమిదయ్యేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, అరుగు మీద స్టేషన్ వైపు తిరిగి కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్లు ఆ హాల్టుకు టికెట్ల ఏజెంటుగా చేసిన మనిషి. ఏజెంటంటే రైల్వే ఉద్యోగి అనుకునేరు. జీతం లేదు, పింఛను లేదు. టికెట్లు అమ్ము, నీ కమీషను నువ్వు తీసుకో అన్నారు, అంతే. కానీ ఊరి దృష్టిలో స్టేషన్ మాస్టరూ అతనే, రైల్వే మంత్రీ అతనే. పాపం, అతని దృష్టిలోనూ అంతే.

ఆ స్టేషనైనా ఏమంత గొప్పదని! ఒక గది, దానికి చెయ్యి పట్టేంత కిటికీ, రెండు రాతి బెంచీలు, కంకర పోసిన ప్లాట్‌ఫారం, కొసన పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు. ఉప్పలయ్య తాత కాలంలో పక్క గుట్ట మీద రాయి కొట్టే క్వారీ నడిచేది. ఆ కూలీల కోసం బండి ఆపడం మొదలుపెట్టారు. క్వారీ మూతబడింది గానీ బండి ఆగుతూనే ఉంది. వరంగల్ మార్కెట్‌కు మిరపకాయల బస్తా పోవాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా, నొప్పులొచ్చిన ఆడమనిషిని దవాఖానకు తీసుకుపోవాలన్నా పొద్దున ఎనిమిది పదికి వచ్చే పుష్‌పుల్ బండే దిక్కు. ఆగేది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం ఊరంతా పొద్దున్నే ఉరుకులు పరుగులు పెట్టేది.

తర్వాత ఇంటికో బండి వచ్చింది, ఊరికి ఆటోలు వచ్చాయి. ఎండలో గంటసేపు రైలు కోసం కూర్చునే ఓపిక ఎవరికుంది? 2019 ఎండాకాలంలో ఒక ఆఫీసరు వచ్చి, రోజుకు ఇన్ని టికెట్లయినా తెగకపోతే హాల్టు ఎత్తేస్తామని చల్లగా చెప్పి వెళ్లాడు. అప్పుడు ఊరికి రోషం పొడుచుకొచ్చింది. ఎక్కడానికి ఒక్కరికీ తీరిక లేదు గానీ, ఎత్తేస్తామంటే మాత్రం ప్రాణం పోయినంత పనైంది. అప్పటి సర్పంచి రాజమౌళి డప్పు చాటింపు వేయించాడు. కాలువ నీళ్లకు వంతులేసుకున్నట్టే టికెట్లకూ వంతులేశారు. వంతు వచ్చిన ఇంటివాళ్లు ఆ రోజు వరంగల్‌కు టికెట్లు కొనాలి. ప్రయాణం చేయాల్సిన పని లేదు, కొంటే చాలు.

అప్పుడు నోరు విప్పింది ఉప్పలయ్య భార్య మొగిలమ్మ. ఊరందరి నోళ్లూ ఒక ఎత్తు, ఆమె నోరు ఒక ఎత్తు.

"పైసలు పెట్టి టికెట్ కొని, బండి ఎక్కకుంట ఇంటికి మర్లితే అరిష్టం గాదా? గట్ల ఉత్తగనే రావద్దు. జర కాలన్న మోపుండ్రి. పోయొస్తనని ఒక్కమాట చెప్పి దిగుండ్రి" అంది పంచాయతీ అరుగు కింద నిలబడి.

మన దగ్గర గడప దాటేవాడు పోతున్నానని అనడు. పోయొస్తానంటాడు. ఉత్తగా పోతున్నానంటే ఇంట్లో ఆడవాళ్లు నోటిమీద కొట్టినంత పని చేస్తారు. కాబట్టి మొగిలమ్మ మాట అందరికీ సబబుగానే తోచింది. ఆ మర్నాటి నుంచి వంతువాళ్లు టికెట్ పట్టుకొని, బండి ఆగగానే మెట్టు మీద కుడికాలు మోపి, "పోయొస్త" అని గట్టిగా చెప్పి, దిగి ఇంటికి పోయేవాళ్లు. ఆ టికెట్లు ఉప్పలయ్య వెనక్కి తీసుకొని ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. బండిలో కూర్చున్నవాళ్లు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. తర్వాత గార్డు కూడా అలవాటుపడి, ఈ రోజు వంతు ఎవరిదని నవ్వుతూ అడిగేవాడు.

చలికాలం వచ్చేసరికి ఊరి రోషం చల్లారింది. పైసలు పంపేవాళ్లు గానీ మనుషులు వచ్చేవాళ్లు కాదు. పొద్దున్నే చలిలో ఎవరొస్తారు? ఏజెంటు పెళ్లాం ఉంది కదా, ఆమె మోపుతుందిలే అన్నారు. మొగిలమ్మ మోపింది. తిట్టుకుంటూనే, శాలువా కప్పుకొని, రోజూ వచ్చి మోపింది. ఎంత తిట్టుకున్నా ఒక్క రోజు కూడా మానలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి బండ్లన్నీ ఆపేశారు. మళ్లీ బండ్లు నడిచినప్పుడు మోదుగులగడ్డ పేరు టైంటేబుల్లో లేదు. చాటింపు లేదు, నోటీసు లేదు. పుష్‌పుల్ బండి అదే ఎనిమిది పదికి వచ్చి, ఊరెవరిదో తనెవరో అన్నట్టు దుమ్ము రేపుకుంటూ పోయింది. రైల్వేవాళ్లు వచ్చి మిగిలిన టికెట్లూ, టికెట్ మీద తేదీ కొట్టే ఇనుప మిషనూ పట్టుకుపోయారు. గదికి తాళం పడింది. ప్లాట్‌ఫారం నిండా వయ్యారిభామ కలుపు మొలిచింది. బిస్కెట్ల డబ్బా సంగతి వాళ్లు అడగలేదు, ఉప్పలయ్య చెప్పలేదు.

పోయిన కార్తీకంలో కొత్త లైను పనివాళ్లు వచ్చి పసుపు బోర్డు పీకి లారీలో వేసుకుపోయారు. ఆ మర్నాడే కట్టయ్య మాయమయ్యాడు.

కట్టయ్య ఉప్పలయ్య పక్కింటివాడే. పొద్దున బర్రె దగ్గర కూర్చొని పాలు పిండుతున్నాడు. పుష్‌పుల్ బండి అటు పోయింది, ఇటు బర్రె దగ్గర మనిషి లేడు. పదకొండింటికి బస్సు దిగి, చేతిలో పాలగిన్నెతో ఊళ్లోకి నడిచి వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏజెంటన్నా, నేను వరంగల్ స్టేషన్ల ఉన్ననే. బెంచీ మీద కూసోని ఉన్న. బండి ఎట్ల ఎక్కిన్నో నాకే ఎరుక లేదు. గిన్నెల నురుగు సుత దిగలే సూడు" అంటూ గుప్పిట తెరిచాడు.

అందులో ఒక అట్ట టికెట్ ఉంది. మోదుగులగడ్డ నుంచి వరంగల్‌కు. మీద కొట్టిన తేదీ చూస్తే వంతులు మొదలుపెట్టిన మొట్టమొదటి రోజు. ఆ రోజు వంతు కట్టయ్యదే. ఉప్పలయ్య ఇంట్లోకి పోయి అటక మీది డబ్బా దించి చూశాడు. అడుగున ఉండాల్సిన మొదటి టికెట్ లేదు. పైకి మాత్రం, "నువ్వే ఎన్నడన్న జేబుల పెట్టుకొని ఉంటవ్ తియ్" అని కసిరాడు.

"బండిల ఎవలన్న కనవడ్డరా?" అని మళ్లీ తనే అడిగాడు, గొంతు తగ్గించి.

"ఎవలు లేరన్నా. రైలు డబ్బా మొత్తం ఖాళీ. కానీ నేను ఏ సీటు మీద చెయ్యేసినా వెచ్చగుంది. అప్పుడే లేచిపోయినట్టు."

ఆ తర్వాత రోజుకు ఇద్దరో ముగ్గురో. వంతులు ఏ వరసలో జరిగాయో అదే వరసలో పిలుపులు వచ్చాయి. బండి ఎవరి కోసమూ ఆగలేదు. అది మామూలుగానే అరవై స్పీడులో పోయేది. పోయాక చూస్తే ఊళ్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లు కాదు. ఉప్పలయ్య అరుగు మీద కూర్చొని ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. బండి వచ్చే ముందు తాళం వేసిన స్టేషన్ గదిలోంచి టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. ఇద్దరు పోయే రోజు రెండుసార్లు, ముగ్గురు పోయే రోజు మూడుసార్లు. అది తేదీ మిషన్ చప్పుడు. ఇరవై ఆరేళ్లు తన చేత్తో కొట్టిన మిషన్ చప్పుడు అతనికి తెలియదా? ఒకనాడు ధైర్యం చేసి పోయి కిటికీ సందులోంచి చూశాడు. లోపల ఖాళీ బల్ల, దాని మీద వేలెడు దుమ్ము. చూస్తుండగానే అతని చెవి పక్కన టక్కుమంది. ఇంటికి ఎలా వచ్చిపడ్డాడో అతనికే తెలియదు.

రాజమౌళికి మాత్రం మాజీ సర్పంచినన్న పొగరు ఇంకా దిగలేదు. తన వంతు దగ్గరపడుతోందని లెక్క చూసుకొని, డబ్బాలోంచి తన టికెట్ ఏరించుకొని, నలుగురి ముందూ అగ్గిపుల్ల గీసి కాల్చేశాడు. "ఇగ ఏం జేస్తదో సూస్త" అన్నాడు. మర్నాడు వరంగల్‌లో తేలాడు. చేతిలో టికెట్ లేదు కాబట్టి టీసీకి దొరికిపోయి, ఫైను కట్టి, మూతి ముడుచుకొని వచ్చాడు. ఊరు పడీపడీ నవ్వింది. కానీ ఆ తర్వాత టికెట్ జోలికి పోయే సాహసం ఎవరూ చేయలేదు.

మనిషికి అలవాటుపడనిదంటూ ఏముంటుంది? నెల తిరిగేసరికి వంతు వచ్చినవాళ్లు పొద్దున్నే చెప్పులేసుకొని, సంచి చంకన పెట్టుకొని, బస్సు ఖర్చులు కొంగున ముడేసుకొని కూర్చునేవాళ్లు. వస్తూ వస్తూ ఇంటికి కావలసినవి తెచ్చుకునేవాళ్లు. ఒకటో రెండో వంతులు. వాటితో వాళ్ల పీడ విరగడయ్యేది.

అలా అందరివీ అయిపోయి, మాఘమాసంలో మొగిలమ్మ వంతులు మొదలయ్యాయి. ఇక డబ్బాలో ఉన్నవన్నీ ఆమె కాలు మోపినవే.

మొదటి వారం ఆమె దాన్ని సరదాగానే తీసుకుంది. రోజూ రైలు పోగానే మాయం, పదకొండింటికల్లా ప్రత్యక్షం. వచ్చేటప్పుడు ఒకనాడు జిలేబీ, ఒకనాడు పచ్చిమిరపకాయలు. "నలభై ఏండ్ల కాపురంల ఒక్కనాడన్న వరంగల్ తోల్కపోయినవా? రైలు తోల్కపోతాంది, నీకన్న అదే నయం" అని మొగుణ్ణి ఏడిపించేది. ఉప్పలయ్య కూడా నవ్వేవాడు. నవ్వు లోపలిదాకా పోయేది కాదు.

రెండో వారంలో ఆమె రావడం ఆలస్యమైంది. పన్నెండు, ఒంటిగంట, రెండు. ఒకనాడు వచ్చి ఇంటి ముందు గేటు దగ్గర ఆగిపోయింది. తన ఇల్లే, తను పెట్టిన గేటే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు లోపలికి రమ్మనేదాకా ఆగినట్టు, పైట సర్దుకొని నిలబడింది. ఉప్పలయ్య చెయ్యి పట్టి లోపలికి తెచ్చాడు. ఆమె మంచినీళ్లు అడిగి తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకొని కూర్చుంది. కాసేపటికి మామూలు మనిషైంది. కానీ ఆ కాసేపు ఉప్పలయ్యకు నరకం కనిపించింది.

హనుమకొండలో బట్టల దుకాణంలో పనిచేసే కూతురు స్రవంతి వచ్చి తల్లిని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. స్కానింగులన్నీ తీయించింది. అంతా బాగానే ఉందన్నారు. "ఈ ఊర్ల ఉంటేనే గిట్లయితాంది నాయినా. నా తాన ఉంచుకుంట" అని తన ఇంట్లోనే పెట్టుకుంది. మర్నాడు పొద్దున మొగిలమ్మ ఆ ఇంటి వంటగదిలో చారుకు పోపు వేస్తోంది. ఎనిమిది పదికి పోపు మాడిన వాసన వచ్చి స్రవంతి పరిగెత్తుకెళ్లి చూస్తే, పొయ్యి మీద గిన్నె ఉంది, గరిటె కింద పడి ఉంది, తల్లి లేదు. ఆ పిల్ల పొయ్యి ఆర్పేసింది. వరంగల్ స్టేషన్‌కు ఆటోలో పోయి తల్లిని వెతికి పట్టుకొని, తిన్నగా మోదుగులగడ్డకే తెచ్చి అప్పగించింది.

"యాడున్నా ఆగేటట్టు లేదు నాయినా. ఇంకెన్ని ఉన్నయి?" అని అడిగింది వెళ్లేటప్పుడు.

"అయిపోవచ్చినయి బిడ్డా. ఫికర్ చేయకు" అన్నాడు ఉప్పలయ్య. ఫికరంతా తన నెత్తిమీదే పెట్టుకొని.

చివరికి, 2020 మార్చి ఇరవయ్యో తేదీ కొట్టిన టికెట్ పట్టుకొని పోయిన రోజు ఆమె చీకటి పడేదాకా రాలేదు. ఉప్పలయ్య రోడ్డు మీదికీ ఇంట్లోకీ ఎన్నిసార్లు తిరిగాడో. దీపాలు పెట్టే వేళకు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగి, అతని ముఖంలోకి మర్యాదగా చూసి అడిగింది.

"మోదుగులగడ్డ ఇదేనా అయ్యా?"

ఉప్పలయ్య గేటు తీసి ఎదురెళ్లాడు. "ఇదే, మొగిలీ. ఇదే. రా" అన్నాడు. అన్నం కలిపి పెట్టాడు. సగం తిన్నాక ఆమె తల ఎత్తి, "ఉప్పెక్కువేసినవ్" అని విసుక్కుంది. ఆ విసుగు వినేసరికి అతనికి ఏడుపొచ్చింది. తన మొగిలమ్మ తిరిగొచ్చింది. కానీ ఈసారి ఎంతసేపు పట్టిందో అతను చూశాడు. ఇంకొక్కసారి పోతే ఈ దారి కూడా దొరకదని అతనికి తెలిసిపోయింది.

డబ్బా దించి మూత తీశాడు. ఒకే ఒక్క టికెట్ ఉంది. మార్చి ఇరవై ఒకటి, శనివారం. హాల్టులో బండి ఆగిన చివరి రోజు. దాన్ని దీపం దగ్గరికి తెచ్చి చూశాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు వరంగల్ టికెట్లు అయిపోయాయి. దూరపు ఊళ్లకు పోయేవాళ్లు ఎప్పుడైనా వస్తే చేత్తో ఊరి పేరు రాసివ్వడానికి కొన్ని ఖాళీ టికెట్లు ఉండేవి. అందులోంచి ఒకటి తీసి తేదీ కొట్టాడు. ఇంతలో బండి వచ్చేసింది. ఊరి పేరు రాయకుండానే మొగిలమ్మ చేతిలో పెట్టాడు. ఎలాగూ ఎక్కేది లేదు కదా, ఏ పేరైతేనేం అనుకున్నాడు. ఆమె మెట్టు మీద కాలు మోపింది, చెప్పాల్సిన మాట చెప్పింది, దిగింది. మోదుగులగడ్డ నుంచి, అని ఉంది. ఎక్కడికి, అన్నచోట ఏమీ లేదు.

మొగిలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. టికెట్ తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. చదువు లేకపోయినా అక్కడ ఏమీ రాసి లేదని ఆమెకూ అర్థమైంది.

"వరంగల్ అని రాయి" అంది.

"రాస్తే పోతవ్."

"పోతే వస్త. ఇన్ని దినాలు రాలేదా? ఆ తొవ్వ నా కాళ్లకు ఎరుకే. జర ఆలస్యమైతది, గంతే."

"ఇయ్యాల గేటు కాడ నన్ను ఏమడిగినవో నీకు యాదికుందా?"

మొగిలమ్మ టికెట్ తిరిగి అతని చేతిలో పెట్టింది. యాదికి లేదు. ఆ సంగతి ఒప్పుకోకుండా, "స్రవంతిని స్టేషన్ల నిలవెట్టు. బిడ్డను సూస్తే నాకు అన్నీ యాదికొస్తయి. వరంగల్ అనే రాయి" అంది మళ్లీ.

అది మంచి మాట. నిజానికి అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేరు. కానీ ఉప్పలయ్య ఇరవై ఆరేళ్ల ఏజెంటు. టికెట్ల సంగతి తనకు తెలిసినంత ఎవరికి తెలుసు? చదువురాని ఆడది చెబితే తను వినాలా? అతని బుర్రలో అప్పటికే ఒక ఉపాయం మెరిసింది. టికెట్‌లో ఏ ఊరి పేరుంటే ఆ ఊరికే కదా మనిషి పోయేది? ఎక్కే ఊరూ దిగే ఊరూ ఒక్కటే అయితే ఇక కదలాల్సిన పనేముంది? కూర్చున్నచోటే ప్రయాణం తీరిపోతుంది. రైల్వేకే టోపీ పెట్టానన్నంత సంబరం వచ్చింది అతనికి.

పెన్ను తీసి, ఎక్కడికి అన్నచోట, గుండ్రటి అక్షరాలతో మోదుగులగడ్డ అని రాశాడు.

"ఏం రాసినవ్?" అంది మొగిలమ్మ.

"మన ఊరే రాసిన. ఇగ నువ్వు యాడికీ పోవు."

ఆమె సంచి దించి రేపటికి గుమ్మం పక్కన పెట్టుకుంది. ఎందుకని అతను అడగలేదు. గెలిచానన్న సంబరంలో ఉన్నాడు మరి.

పొద్దున ఏడున్నరకే ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఏమో, ఎందుకైనా మంచిదని మొగిలమ్మ సంచి చంకన పెట్టుకుంది. ఉప్పలయ్య ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. గాజులు గుచ్చుకుంటున్నాయని ఆమె కసిరినా వదల్లేదు. కట్టయ్య కూడా వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఎనిమిది పది. స్టేషన్ గదిలోంచి టక్కుమని చప్పుడు. బండి గుట్ట మలుపు తిరిగి, కూత వేసుకుంటూ, ఆగని బండి పోయినట్టే పోయింది.

ఉప్పలయ్య చేతిలో మణికట్టు లేదు. వేళ్లు పట్టిన పట్టు పట్టినట్టే ఉన్నాయి, మధ్యలో గాలి. అరచేతికి ఇంకా వెచ్చదనం తగులుతోంది.

భయపడలేదు అతను. ఇక్కడి టికెట్టే కదా, ఇక్కడే ఉంటుంది అనుకొని స్టేషన్‌కు పరిగెత్తాడు. ప్లాట్‌ఫారం మీద వయ్యారిభామ తొక్కుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పిలుచుకుంటూ తిరిగాడు. బెంచీల వెనక చూశాడు, గది చుట్టూ చూశాడు. లేదు. స్రవంతికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల వరంగల్ స్టేషన్‌లో సాయంత్రం దాకా ప్రతి బెంచీ వెతికింది. లేదు. పోలీసులకు ఫొటో ఇచ్చారు. ఆ రోజు గడిచింది.

మర్నాడు ఎనిమిది పదికి ఉప్పలయ్య ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు, కట్టయ్య పక్కనే ఉన్నాడు. బండి వచ్చింది. మూడో డబ్బా తలుపు దగ్గర మొగిలమ్మ నిలబడి ఉంది. చంకన సంచి. ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, తమ స్టేషన్ వచ్చిందని దిగడానికి సిద్ధమైనవాళ్లు నిలబడినట్టు, ఒక కాలు ముందుకు పెట్టి నిలబడింది. ఉప్పలయ్యను చూసింది. గుర్తుపట్టింది. గేటు దగ్గరిలా మర్యాదగా కాదు, కట్టుకున్నవాణ్ణి చూసినట్టే చూసింది. ఏదో అరిచింది, చక్రాల మోతలో వినపడలేదు. తన ముందు నుంచి ఆమె చెయ్యి చాచి పోవడం, ఆ డబ్బా వెనక ఇంకో డబ్బా, దాని వెనక ఇంకోటి పోవడం అతను చూశాడు. తర్వాత పట్టాలు మిగిలాయి.

"సూసినవా కట్టయ్యా?"

"సూసిన్నన్నా. ఆగితే దిగుతదే. దిగుదామనే నిలవడ్డది" అన్నాడు కట్టయ్య, ఏడుస్తూ.

అప్పుడు తెలిసొచ్చింది ఉప్పలయ్యకు. టికెట్ మోదుగులగడ్డకు. మోదుగులగడ్డలో బండి ఆగదు. వచ్చిన ప్రతిసారీ ఆమె దిగడానికి తలుపు దగ్గరికి వస్తుంది, బండి పోతూనే ఉంటుంది. ఆ హాల్టు మూతబడిందన్న సంగతి ఊరంతటికీ తెలుసు. ఐదేళ్లుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కొని కూర్చున్న తనకే తెలియదు.

మర్నాడు వెనక స్టేషన్‌కు పోయి అదే బండి ఎక్కాడు. ఈ కొస డబ్బా నుంచి ఆ కొస డబ్బా దాకా ప్రతి సీటూ చూశాడు. ఎక్కడా లేదు. మోదుగులగడ్డ దగ్గరికి వచ్చేసరికి మూడో డబ్బా తలుపు దగ్గర తనే నిలబడ్డాడు. తలుపు ఖాళీ. కానీ కమ్మీ మీద చెయ్యేస్తే వెచ్చగా ఉంది. ఆ సాయంత్రం కట్టయ్య వచ్చి, పొద్దున ప్లాట్‌ఫారం మీంచి చూస్తే మొగిలమ్మ నీ పక్కనే ఉందన్నా, నీ భుజానికి భుజం తగిలేంత దగ్గర ఉంది అని చెప్పాడు. ఆ రాత్రి ఉప్పలయ్య అన్నం ముట్టలేదు.

వారం తర్వాత అర్జీ రాయించుకొని రైల్వే ఆఫీసుకు పోయాడు. మోదుగులగడ్డలో పుష్‌పుల్ బండి ఒక్క నిమిషం ఆపమని అర్జీ. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఫారం ముందేసుకొని అడిగాడు.

"రోజుకు ఎంతమంది ఎక్కుతారు పెద్దాయనా?"

"ఎక్కేటోళ్లు లేరు సార్."

"దిగేవాళ్లు?"

"ఒక్కతే. ఒక్కసారి ఆపితే చాలు సార్. రోజూ వద్దు."

గుమాస్తా పెన్ను మూత పెట్టి, అతని ముఖం వంక జాలిగా చూశాడు. ఒక్కరి కోసం బండి ఆగదని నెమ్మదిగా చెప్పి, మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు.

ఉప్పలయ్య ఇప్పుడు అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఏడున్నరకే పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. మూడో డబ్బా వచ్చినప్పుడు బండితో పాటు ఉరుకుతాడు, ఎంత ఉరికినా నాలుగు అడుగులే ఆమె ముఖం కనిపిస్తుంది. అన్ని రోజులు కలిపి చూస్తే ఆమె అరిచేదేమిటో అతనికి పెదాల కదలికను బట్టి ఈ మధ్యే అర్థమైంది. ఆపమని కాదు ఆమె అంటున్నది. నువ్వు ఉరకకు, పడతవ్ అంటోంది. వరంగల్ అని రాయమని ఆ రాత్రి ఆమె రెండుసార్లు చెప్పింది.